ఊపిరి లెక్కన నేసిన గుడ్డ

మనిషి లోపలి భయం ఆయన నేసిన గుడ్డలో కనబడుతుందంటే మీరు నమ్మకపోవచ్చు. నేను ముప్పై ఏళ్ళు గుడ్డను పరీక్షించి జీతం తీసుకున్నవాణ్ణి కాబట్టి నాకు నమ్మక తప్పదు. మగ్గం మీద కూర్చున్నవాడి మనసు నిలకడగా ఉంటే అడ్డంగా వేసే పేక పోగులు ఒకదాని పక్కన ఒకటి సమంగా కూర్చుంటాయి. గుండె దడదడలాడుతుంటే ఒకచోట పేకను బిగించే దెబ్బ గట్టిగా పడి గుడ్డ దళసరిగా వస్తుంది, ఇంకోచోట దెబ్బ తేలిపోయి పలచబడుతుంది. వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే ఆ పట్టీలు నీళ్ళ మీది అలల్లాగా కనిపిస్తాయి. డెబ్బైల చివర్లో ఎమ్మిగనూరులో ఒక నేతగాడి గుడ్డలో ఆ అలలను మొదట చూసినవాణ్ణి నేను. వాటిని పోగొట్టాలని పూనుకున్నాను. చివరకు ఆ మనిషి మగ్గమే లేకుండా చేశాను. ఇంకొకరి పనిని తూచే ఉద్యోగాల్లోకి కొత్తగా వచ్చే పిల్లలెవరైనా ఉంటే, వాళ్ళ కోసం దీన్ని రాస్తున్నాను.

మాది ఆదోని. నేత పనిలో డిప్లొమా చదివి, ఎమ్మిగనూరులో ఒక చిన్న చేనేత సంఘంలో పరీక్షకుడిగా చేరాను. నేతగాళ్ళు సంఘం దగ్గర నూలు తీసుకుపోయి, ఇంట్లో, నేలలో తవ్విన గుంతలో కాళ్ళు పెట్టుకుని తొక్కే గుంత మగ్గం మీద నేసి, వారానికొకసారి గుడ్డ తెచ్చి ఇచ్చేవాళ్ళు. నేను ఆ గుడ్డను బల్ల మీద పరిచి, అంగుళం మేర చూపించే చిన్న భూతద్దం పెట్టి పోగులు లెక్కపెట్టేవాణ్ణి. సరిపోతే నీలం ముద్ర, తక్కువైతే ఎర్ర ముద్ర. ఎర్ర ముద్ర పడిన గుడ్డను వసారాలో తాడు మీద ఆరేయడం నేను పెట్టిన పద్ధతి. పదిమంది చూస్తే మరుసటి వారం జాగ్రత్తగా నేస్తారని నా తెలివి. ఇరవై ఏడేళ్ళ వయసులో అటువంటి తెలివి నాకు చాలా ఉండేది.

నూలు గది చూసుకునే ఆయన పెద్ద వయసు ముస్లిం. గళ్ళ లుంగీ, చెవి వెనక పెన్సిలు. నన్ను ‘అద్దం సాబ్’ అనేవాడు.

“అద్దం సాబ్, ఒక దినం ఆ అద్దం నీ మొగానికి పెట్టి సూపిచ్చుకోరాదా. నీకెన్ని పోగులు తక్కువుండాయో మేమూ లెక్కబెడ్తాం” అని నలుగురిలో అనేవాడు. అందరితో పాటు నేనూ నవ్వేవాణ్ణి. మనసులో మాత్రం ఆయనకు చదువు లేదు కదా అనుకునేవాణ్ణి.

నేను చెప్పబోయే నేతగాడు మా సంఘంలో అందరికన్నా చేయి తిరిగినవాడు. నాకన్నా పదిహేనేళ్ళు పెద్ద. నేను అన్నా అంటే ఆయన సారు అనేవాడు. ఆయన గుడ్డ వస్తే అద్దం పెట్టడం కూడా లాంఛనమే. అటువంటి మనిషి ఒక వారం తెచ్చిన గుడ్డలో గజం దూరం పేక సరిగా పడలేదు. ఇంట్లో పాపకు జ్వరమని, నాలుగు రోజులు నిద్ర లేదని చెప్పాడు. నేను వినిపించుకోలేదు. ఆయనకు సడలిస్తే మిగతావాళ్ళు నన్ను లెక్కచేయరనుకుని ఎర్ర ముద్ర వేసి తాడు మీద వేయించాను. ఆయన మధ్యాహ్నం దాకా ఆ తాడు కిందనే కూర్చుని, తరువాత లేచి వెళ్ళిపోయాడు.

ఆ తరువాతి వారం నుంచే గుడ్డలో అలలు మొదలయ్యాయి.

పరీక్ష రోజు దగ్గర పడుతుంటే ఆయనకు నోరెండిపోయేది. చేతులకు చెమట పట్టి నూలుకు మరకలయ్యేవి. ఒకనాడు మా వసారాలో స్తంభం పట్టుకుని అట్లాగే కిందికి జారి కూర్చున్నాడు. “గుండె నిలబడిపోతాదేమో సారు. ఈడ ఎవరో సుత్తితో కొడ్తాండారు” అన్నాడు, రొమ్ము మీద చెయ్యి పెట్టి. నూలు గది పెద్దాయన, నేను కలిసి రిక్షాలో ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకుపోయాం. డాక్టరు నిదానంగా అన్నీ చూసి, “గుండె నీకన్నా నాకన్నా బాగుంది. ఇది బెంగ” అన్నాడు. నిద్రకు చిన్న మాత్రలు రాసిచ్చాడు. వాటితో నిద్ర పట్టింది కానీ పొద్దున లేచాక మగ్గం తొక్కడానికి కాళ్ళు వశం కాలేదు. ఆ మాట చెబితే డాక్టరే, “అయితే ఆపేయ్. మనసుకు ఊరట కలిగేది ఏదైనా చేసుకో. మళ్ళీ ఎక్కువైతే మాత్రం ఊరుకోకుండా రా” అని పంపించాడు.

మనసుకు ఊరట కలిగించేవి చెప్పడానికి మా ఊళ్ళో మనుషులకు కొరత లేదు. ఆయన భార్య కుండ నీళ్ళలో వట్టివేళ్ళు వేసి అవే తాగించింది. పడుకునేముందు పాలలో కొంచెం జాజికాయ అరగదీసి ఇచ్చింది. మాడుకు నువ్వుల నూనె అద్దింది. వేడినీళ్ళలో కాళ్ళు పెట్టించింది. నూలు గది పెద్దాయన దర్గా నుంచి నల్ల దారం తెచ్చి ఆయన మణికట్టుకు తనే కట్టాడు. ఆదోనిలో తనకు తెలిసిన హకీం ఒకాయన గులాబీ రేకులతో గుల్కంద్ చేస్తాడని, దిల్‌కు చల్లదనమని చెప్పి, నేను ఆదివారం మా అమ్మను చూడడానికి పోయినప్పుడల్లా నా చేత సీసా తెప్పించేవాడు.

“ఇన్ని తింటాండాను, తాగుతాండాను. దడ తగ్గలేదు గానీ సారు, నేను మాత్రం పెండ్లికొడుకు మాదిరి వాసనొస్తాండాను” అన్నాడు ఆయన ఒకసారి. ఎన్నో వారాల తరువాత ఆయన నోట ఎకసక్కెం విన్నది అప్పుడే.

వీటిలో ఏది ఎంత పనిచేసిందో నేను చెప్పలేను. అప్పుడు వాటిని చూసి లోలోపల నవ్వుకున్నాను. ఇప్పుడు నవ్వను. గోరువెచ్చని నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్న మనిషి పక్కన ఇంకో మనిషి కూర్చుని ఉంటే, ఆ నీళ్ళది ఎంత, ఆ మనిషిది ఎంత అని విడదీసి చెప్పే అద్దం ఏదీ లేదు.

నా వంతు వైద్యం కూడా నేను మొదలుపెట్టాను. చదువుకునే రోజుల్లో పరీక్షలంటే నాకూ ఇట్లాగే భయంగా ఉండేది. ఆదోనిలో మా డ్రిల్లు మాస్టారు నన్ను మైదానం గోడ పక్కన కూర్చోబెట్టి ఊపిరి నేర్పించాడు. పీల్చేదానికన్నా వదిలేది నిదానంగా, పొడుగ్గా ఉండాలి. అంతే. అది నాకు బాగా పనిచేసింది. అది ఆయనకు నేర్పిద్దామనుకున్నాను. ముందు నడకతో మొదలుపెట్టాం. తెల్లవారాక, మగ్గాలు మొదలు కాకముందు, ఊరి బయట తుంగభద్ర కాలువ గట్టు మీద ఇద్దరం నడిచేవాళ్ళం.

ఆ నడకలు నాకు ఇప్పటికీ కావాలనిపిస్తాయి. నా ఉద్యోగ జీవితంలో పదోన్నతులున్నాయి, సన్మానాలున్నాయి. వాటిలో ఏ ఒక్క రోజునూ తిరిగి ఇమ్మని అడగను. కాలువ గట్టు మీది ఒక్క పొద్దును ఇస్తామంటే మాత్రం పోతాను. నీళ్ళు నిండుగా ఉన్న రోజుల్లో గాలి చల్లగా తగిలేది. ఆయన ముందు, నేను వెనక. మాటలు తక్కువ. మధ్యమధ్య ఆయన తన చిన్నప్పటి సంగతులు చెప్పేవాడు.

“మా నాయన నాకు మగ్గం నేర్పిచ్చేటప్పుడు కండ్లు మూసుకోమనేవాడు సారు. ‘సూసి నేసేది అందరూ నేస్తారు రా, ఇని నెయ్యి’ అనేవాడు. దెబ్బ సరిగ్గా పడితే ఒక సద్దొస్తాది. తప్పు పడితే ఇంకో సద్దు.”

“ఇప్పుడు వినబడటం లేదా అన్నా?”

“యాడ ఇనపడతాది. నా గుండె సద్దే పెద్దగుండాది కదా, మగ్గం సద్దు ఇనపడనీయకుండా.”

ఆ మాటతో నాకు ఒక ఆలోచన వచ్చింది. ఊపిరిని మగ్గంతోనే కలిపితే ఎట్లా ఉంటుంది? ఆ రోజే ఆయన ఇంటికి పోయి మగ్గం గుంత అంచున కూర్చున్నాను. “ఊపిరి పీల్చేటప్పుడు రెండు పోగులు వెయ్యి. వదిలేటప్పుడు మూడు వెయ్యి. తొందరపడొద్దు” అన్నాను. మొదటి దెబ్బకే లెక్క తప్పి, పేక నూలు తీసుకుపోయే నాడె ఎగిరి నా మోకాలికి తగిలింది.

ఆయన భార్య తలుపు దగ్గర నిలబడి చూస్తోంది. ఆమెది కన్నడ సీమ. “సుమ్మనే నేసుకునేటోణ్ణి పట్టుకుని ఇదేం సదువు సారు. మీ అన్నకు ఊపిరి తీసేది కూడా నేర్పించాల్నా. పుట్టినప్పట్నించీ తీస్తానే ఉండాడు కదా” అంది.

“తీస్తాండాడు గానీ వదలడం లేదక్కా” అన్నాను.

ఆమె మొగుడి వైపు చూసి, “అది మటుకు నిజమే” అంది.

పది రోజులు పట్టింది. తరువాత ఒకనాడు వీధిలో నడుస్తూ పోతుంటే ఆయన మగ్గం చప్పుడు వేరుగా వినిపించింది. రెండు, మూడు, రెండు, మూడు. వీధిలోని మిగతా మగ్గాలన్నీ పరుగెత్తుతుంటే అదొక్కటే నడుస్తోంది. నేను గోడకు ఆనుకుని చాలాసేపు నిలబడ్డాను. ఆ వారం గుడ్డను వెలుతురుకు ఎత్తి చూస్తే ఒక్క అల లేదు. చేతికి మెత్తగా, పసిపిల్ల చెంపలాగా ఉంది. ఆయన భార్య నాతో, “నిన్న మగ్గం మీద పాడుకుంటాండాడు సారు. పాప పుట్టినప్పుడు పాడినాడు, మళ్ళ నిన్ననే” అని చెప్పింది.

నేను సంతోషంగా అద్దం పెట్టి లెక్కపెట్టాను. నలభై నాలుగు పోగులుండాల్సిన చోట నలభై ఒకటే ఉన్నాయి. ఇంకోచోట పెట్టాను. నలభై ఒకటే.

సంగతి తేలికైనదే. ఊపిరి నిదానంగా వదులుతూ కొట్టే దెబ్బకు బలం తక్కువ. పోగులన్నీ సమంగా పడ్డాయి, కానీ కొంచెం ఎడంగా పడ్డాయి. ఆ మనిషి మనసు కుదుటపడింది. గుడ్డ లెక్క తప్పింది.

నా ముందు రెండు ముద్రలున్నాయి. ఆయన స్తంభం పక్కన నిలబడి నా చేతినే చూస్తున్నాడు. నేను నీలం ముద్ర తీసుకున్నాను.

అది దయ అని అప్పుడు నాకు నేను చెప్పుకున్నాను. దయ ఉంది, కాదనను. దానికన్నా ఎక్కువగా నా వైద్యం పనిచేసిందన్న గర్వం ఉంది. నా వైద్యానికి ఎర్ర ముద్ర వేసుకోవడం నాకు చేతకాలేదు. ఈ ఒక్క వారమే అనుకున్నాను. అట్లా ఆరు వారాలు గడిచాయి.

మధ్యలో ఆయనే అడిగాడు. “సారు, పోగులు సరిపోతాండాయా? చేతికి మెత్తగా తగుల్తాండాది. నాకేమో రోంత అనుమానంగుండాది.”

“సరిపోతున్నాయన్నా. నువ్వు ఊపిరి చూసుకో చాలు” అన్నాను.

ఈ మాటను మీరు గుర్తుపెట్టుకోవాలి. ఆ తరువాత నేను చేసినదానికి భయం ఒక కారణమని చెప్పుకోవచ్చు. ఈ మాట నేను ఏ భయమూ లేకుండా, కాలువ గట్టు మీద, నవ్వుతూ చెప్పాను.

ఆ రోజుల్లో మా సంఘానికి హాస్టలు పిల్లల దుప్పట్ల పని వచ్చింది. సరుకు పోయేముందు జిల్లా నుంచి ఒక అధికారి చూడడానికి వచ్చాడు. మంచి మనిషే. గట్టిగా మాట్లాడే అలవాటు కూడా లేదు. దుప్పట్లుగా కత్తిరించి మడిచి పెట్టిన దొంతరలో నుంచి నాలుగైదు లాగి, తన జేబులోని అద్దం తీసి పెట్టాడు. ఒక దుప్పటి మీద రెండుసార్లు, మూడుసార్లు లెక్కపెట్టాడు. దాని అంచు మీద నేతగాడి నెంబరుంది. పక్కనే నా నీలం ముద్ర ఉంది.

“ఈ ముద్ర ఎవరిది?”

“నాదే సార్.”

“మూడు తక్కువున్నాయి. ఒకటి కాదు, మూడు. మీరు చూడలేదా?”

సంఘం కార్యదర్శి నా వైపు తిరిగాడు. వసారాలో గుడ్డ తెచ్చిన నేతగాళ్ళు పది పన్నెండు మంది ఉన్నారు. నేను ఊపిరి నేర్పిన ఆయన కూడా ఉన్నాడు. నూలు గది పెద్దాయన తలుపులో నిలబడి ఉన్నాడు. చూశాను, తెలిసే ముద్ర వేశాను అని చెప్పి ఉంటే ఏమయ్యేది? మాట పడేవాణ్ణి. కొన్నాళ్ళు జీతం ఆగేదేమో. ఉద్యోగం పోయేదనుకోను. పోయినా ఇరవై ఏడేళ్ళవాడికి ఇంకోటి దొరికేది.

నేతలో ఒక పాత మోసం ఉంది. పరీక్షకుడు సాధారణంగా గుడ్డ రెండు కొసల దగ్గరే అద్దం పెడతాడు కాబట్టి, కొందరు కొసలు రెండూ గట్టిగా నేసి నడుమ పలచగా లాగేస్తారు. నాకు ఆ మాట గొంతులోకి ఎక్కడ నుంచి వచ్చిందో తెలియదు.

“నేను చూసినప్పుడు రెండు కొసలూ సరిగా ఉన్నాయి సార్. నడుమ పలచగా నేసినట్టున్నాడు” అన్నాను.

గుడ్డ అప్పటికే దుప్పట్లుగా కత్తిరించి, ఏ ముక్క ఎక్కడిదో తెలియకుండా కలిసిపోయి ఉంది. కొసలు చూపించమని అడగడానికి కొసలు లేవు. నోరు తెరవకముందే ఆ సంగతి నాకు తెలుసు.

అధికారి నెంబరు చదివించి ఆయన్ని ముందుకు పిలిపించాడు. “ఏమయ్యా, నిజమేనా?” అని మామూలు గొంతుతోనే అడిగాడు.

ఆయన నా వైపు చూశాడు. నేను బల్ల మీది దుప్పటి మడతలు సరిచేస్తున్నాను. ఆయన శ్వాస పైపైకి పోతుండటం నాకు వినబడుతోంది. నేను నేర్పించినవాణ్ణి కాబట్టి ఆ చప్పుడు నాకు తెలుసు. చేతులు వణకడం మొదలైంది. తుండుగుడ్డ చుట్టి ఒక చేతిని ఇంకో చేత్తో పట్టుకున్నాడు. వెనక నుంచి ఎవరో, “సూడండప్పా ఎట్ల వణుకుతాండాడో. తప్పు సేసినోనికి ఒళ్ళు నిలుస్తాదా” అన్నారు. ఇంకెవరో, “ఇంత పెద్ద పనోడు, ఇదేం బుద్ధి” అన్నారు.

“చెప్పయ్యా” అన్నాడు కార్యదర్శి.

“సారు సెప్పినాడంటే అట్లే అయింటాది” అన్నాడు ఆయన. ఆ నాలుగు మాటలు అనడానికి ఆయనకు చాలాసేపు పట్టింది.

ఆయనకు నూలు ఇవ్వడం ఆపమని కార్యదర్శి అక్కడికక్కడే చెప్పాడు. ఆయన తాను తెచ్చిన గుడ్డ మూట విప్పకుండానే వెనక్కి తీసుకుపోయాడు. నూలు గది పెద్దాయన తలుపు దగ్గరికి వేసుకున్నాడు. అంతే.

నాలుగు రోజుల తరువాత టీ దగ్గర నేనే ఉండబట్టలేక పెద్దాయనకు జరిగిందంతా చెప్పాను. ఆయన తాగుతున్న గ్లాసు దించాడు.

“ఆరు వారాలు తెలుసునా నీకు?”

“తెలుసు.”

“మూడు పోగులు కదా. పడుగు ఇంకో పట్టు బిగించి, నేసింది తక్కువ తక్కువ సుట్టుకో అంటే అయిపోతుండె. ఊపిరి ఊపిరి మాదిరే ఉంటుండె, పోగులు పోగుల మాదిరే పడ్తుండె. సదువుకున్నోనివి, నీకు తెల్దా?”

తెలుసు. పడుగు, అంటే నిలువు పోగులు, బిగువుగా ఉంటే మెల్లని దెబ్బకు కూడా పేక దగ్గరగా కూర్చుంటుందని మొదటి సంవత్సరం పాఠంలోనే ఉంది. ఆ ఆరు వారాల్లో ఒక్కసారి కూడా అది నాకు తోచలేదు. తక్కువ పడిందని ఒప్పుకున్నవాడికే సరిచేసే దారి తోస్తుంది. నేను దాచిపెట్టే పనిలో ఉన్నాను. దాచినదాన్ని గురించి ఎవర్నీ అడగలేను, నన్ను నేను కూడా అడుక్కోలేదు. నా చేతికింద పనిచేసిన పిల్లలకు తరువాత రోజుల్లో నేను పదేపదే చెప్పింది ఇదొక్కటే. ఎవరి మీదైనా దయ కలిగితే దాన్ని పదిమందిలో చూపించండి. దొంగచాటు దయ ఎప్పుడో ఒకరోజు ఆ మనిషి మెడకే చుట్టుకుంటుంది.

“పోయి సెప్పు” అన్నాడు పెద్దాయన. “నాకు కాదు. సెప్పాల్సినోళ్ళకు సెప్పు.”

కాగితం మీద అంతా రాసి కార్యదర్శికి ఇచ్చాను. ఆయన చదివి, నాలుగు మడతలు పెట్టి సొరుగులో వేశాడు. “అధికారి పోయినాడు, సరుకు పోయింది. ఇప్పుడు దీన్ని ఎత్తుకుంటే నీకూ మంచిది కాదు, సంఘానికీ మంచిది కాదు. ఆయనకు వచ్చే నెల నుంచి నూలు ఇప్పిస్తాలే” అన్నాడు. నాకు ఎంత తేలికపడిందో చెప్పడానికి సిగ్గుగా ఉంది. ఇంకో మాట అనకుండా బయటికి వచ్చాను. ఆ నేతగాణ్ణి దొంగ అన్నది పదిమందిలో. కాదని చెప్పింది ఒక సొరుగుకు.

నూలు ఇస్తారన్న కబురు చెప్పడానికి ఆయన ఇంటికి పోయాను. గడప దాటగానే ఏదో తేడాగా అనిపించింది. ఇల్లు పెద్దదిగా కనిపించింది. మగ్గం ఉండాల్సిన చోట ఎర్రమన్ను పోసి, దిమ్మిస కొట్టి, అలికి ఉంది. దాని మీద పాప ఆడుకుంటోంది.

“పూడ్చేసినాం సారు” అంది ఆయన భార్య. “దాంట్లో కాళ్ళు పెడితే సాలు, వణుకు. ఎన్ని దినాలు సూస్తాము. మగ్గం ఇచ్చేసినాము. మీ అన్న ఆదోనికి పోయినాడు, పత్తి మిల్లుకు. వారానికొకసారి వస్తాడు.” నాకు చెంబుతో నీళ్ళు ఇచ్చింది. ఆమె నన్ను ఒక్క మాట తిట్టి ఉంటే ఆ నీళ్ళు తాగగలిగేవాణ్ణి. “ఇంట్లో సద్దే లేదు. నాకే నిద్ర పట్టల్యా” అంది చివరకు.

మరుసటి ఆదివారం ఆదోనిలో బస్సు దిగి ఇంటికి పోకుండా మిల్లుల వైపు పోయాను. పెద్దకడుబూరు దిక్కు నుంచి వచ్చిన పత్తి బండ్లు గేటు బయట వరసగా ఆగి ఉన్నాయి. ఆయన బోరేల మూటలు దించుతున్నాడు. కనుబొమల మీద, చెవుల వెంట్రుకల మీద దూది. నన్ను చూసి మూట కింద పెట్టి వచ్చాడు. గేటు పక్క టీ బంకు దగ్గర నిలబడ్డాం. టీ ఆయనే చెప్పాడు.

“అమ్మ బాగుండాదా సారు?”

“బాగుందన్నా. నువ్వెట్లున్నావు?”

“బాగుండాను. ఈడ దడ లేదు. మూట ఎత్తుతాం, దించుతాం. దాన్ని ఎవరూ ఎలుతురుకు ఎత్తి సూడరు.” ఇది కూడా ఎకసక్కెమే అనుకుని నవ్వబోయి ఆగాను.

నూలు ఇస్తారని చెప్పాను. కార్యదర్శికి కాగితం రాసి ఇచ్చానని చెప్పాను. మళ్ళీ గుంత తవ్విస్తానని, మగ్గం నేను తెప్పిస్తానని అన్నాను. ఆయన అడ్డం రాకుండా అంతా విన్నాడు.

“గుడ్డ తీసేసినందుకు నాకేం లేదు సారు. తక్కువ పడితే తీసేయాల్సిందే. నేనైనా తీసేస్తా” అన్నాడు. “నా వణుకు సూసి అందరూ దొంగ అనుకున్నారు. ఆ వణుకు ఏందో నీకు ఒక్కనికే తెలుసు. ఆడుండేటోళ్ళలో నీకు ఒక్కనికే.”

బంకువాడు గ్లాసుల కోసం చెయ్యి చాపాడు. నేను ఇవ్వాలన్నది మరిచిపోయాను. ఆయనే నా చేతిలోది తీసుకుని ఇచ్చాడు.

“నేను వారం వారం వస్తానన్నా. ఊరికే. చూసిపోవడానికి” అన్నాను.

ఆయన నేల చూశాడు. “వద్దు సారు” అన్నాడు. “కోపం కాదు, నువ్వు ఇంకోమాదిరి అనుకోవద్దు. నిన్ను సూసినప్పట్నించీ ఈడ మళ్ళ మొదలైంది.” అని రొమ్ము మీద చెయ్యి పెట్టుకున్నాడు.

“సరేనన్నా” అన్నాను.

ఆ దడకు మందులు, నడకలు, ఊపిరి లెక్కలు ఎన్ని వెతికాను. ఆయనకు నేను ఇవ్వగలిగింది చివరకు ఒకటే మిగిలింది. కనబడకుండా ఉండడం. దాన్నైనా సరిగ్గా చేయాలనుకున్నాను. తరువాత ఎనిమిదేళ్ళు, నాకు బదిలీ అయ్యేదాకా, ఆదివారం ఆదివారం ఆదోని పోతూనే ఉన్నాను. మా ఇంటికి మిల్లుల మీదుగా పోతే దగ్గర. నేను మార్కెట్టు యార్డు చుట్టూ తిరిగి పోయేవాణ్ణి. ఎండాకాలం కూడా. “బస్సు దిగి ఇంతసేపు ఎక్కడ తిరుగుతావురా” అని మా అమ్మ సణిగేది.

ఆ ఎనిమిదేళ్ళలో ఆయన్ని ఒక్కసారే చూశాను. రైల్వే గేటు పడి మా బస్సు ఆగింది. గేటు అవతల మిల్లు మనుషులు నలుగురు రోడ్డు పక్క గట్టు మీద కూర్చుని బొరుగుల ఉగ్గాని తింటున్నారు. వాళ్ళలో ఆయన ఉన్నాడు. జుట్టు తెల్లబడిందో, దూదో తెలియలేదు. ఎవరో ఏదో అన్నారు. ఆయన కాగితం పొట్లం ఒళ్ళో పెట్టుకుని, తల వెనక్కి వాల్చి నవ్వాడు. కాలువ గట్టు మీద కూడా ఆయన అట్లా నవ్వడం నేను చూడలేదు. దిగి పోయి పక్కన కూర్చోవాలని ఎంతగా అనిపించిందో. బస్సు కదిలి గేటు దాటుతుంటే ఆయన తల ఇటు తిప్పాడు. నేను కిటికీ దగ్గర నుంచి వెనక్కి జరిగి, ముందు సీటాయన భుజం చాటుకు ఒదిగాను.